చెంబు చప్పుడు

ఆ పొద్దు మహాదేవమ్మ చేసిన ఆఖరి పని రంగు చెక్కబిళ్ళలు కడిగి అరుగు మీద ఎండబెట్టడం. ముందురోజు డోన్ బడిలో ఒక చిన్నపిల్లవాడు పరీక్ష జరిగినంతసేపూ వాటిలో ఒకదాన్ని నోట్లో పెట్టుకొని చీకుతూనే ఉన్నాడు. పరీక్షకు అదేమీ అడ్డం కాలేదు. ఆ బిళ్ళ తప్ప మిగిలినవన్నీ సరిగ్గా పేర్చి, చివరికి నోట్లోది తీసి, అంగీకి తుడిచి, దాని చోట దాన్ని పెట్టి వెళ్ళాడు. మహాదేవమ్మ బిళ్ళలన్నిటినీ కుంకుడు రసంతో కడిగింది. ఎరుపు పక్కన ఎరుపు, పసుపు పక్కన పసుపు పరిచింది. తర్వాత వాకిట్లో వేపపుల్ల నములుతూ కూర్చున్న మామకు వినపడేలా రాగి చెంబు మీద ఉంగరంతో రెండుసార్లు కొట్టింది.

ఒక చప్పుడైతే అన్నానికి రమ్మని. రెండైతే ఇక్కడ ఒక కన్నేసి ఉంచమని. కంబన్న పుల్ల పారేసి, కర్ర పక్కన పెట్టుకొని, కాకులను అదిలిస్తూ అరుగు చివర కూర్చున్నాడు.

ఆమె తలనొప్పిగా ఉందని లోపల పడుకుంది. మధ్యాహ్నానికి ఒళ్ళు కాలిపోయింది. కంబన్న కొడుకు, ఆమె మొగుడు హనుమన్న స్టేషను నుంచి పరుగున వచ్చి ఆమెను కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. ఆమె మళ్ళీ ఆ ఇంటికి రాలేదు. అది యాభై ఎనిమిది ఎండాకాలం. ఆమెకు ఇంకా నలభై నిండలేదు. బిళ్ళలు ఎండి, పొద్దు వాలినా, వాటిని లోపలికి తేవాలని ఎవరూ చెంబు కొట్టలేదు. కంబన్నే వాటిని ఏరి టేకుపెట్టెలో పెట్టాడు. ఏ రంగు ఏ గడిలో ఉండాలో ఆయనకు తెలుసు. ఆ పెట్టెను ఊరూరా మోసింది ఆయనే.

మహాదేవమ్మ ఆలూరు వైపు పిల్ల. పుట్టింట్లో తల్లితో కన్నడం, బడిలో అయ్యవారితో తెలుగు, సంతలో ఏ భాషలో బేరం కుదిరితే ఆ భాష. నాయన ఆమె చిన్నప్పుడే పోయాడు. కంబన్న ఇంటికి కోడలుగా వచ్చేనాటికి పరికిణీ వదిలి చీర కట్టడం అప్పుడే నేర్చుకుంటున్న వయసు. ఆ ఇంట్లో, ఆ చుట్టుపక్కల చాలా ఇళ్ళలో ఉన్నట్టే, కోడలు మామ ముందు నోరెత్తదు. ఆయన పేరు పలకదు. ఆయన వస్తుంటే కొంగు తలమీదికి లాక్కొని పక్కకు తిరుగుతుంది. అత్త బతికున్నంతకాలం ఇద్దరి మధ్య మాట ఆమె చేరవేసేది. అత్త పోయాక మధ్య మనిషి లేకుండా పోయింది. హనుమన్నది గూడ్సు గుమాస్తా పని, బండ్ల వేళలే అతని వేళలు. అప్పుడు మహాదేవమ్మ చెంబును మధ్యన పెట్టుకుంది.

చెంబుకు అందని సంగతులుంటే గోడకు చెప్పేది. "ఉప్పు అయిపోయినాది" అని గోడతో అని లోపలికి పోయేది. సాయంత్రానికి ఉప్పు వచ్చేది. కంబన్న కూడా గోడకే జవాబు చెప్పేవాడు. "ఈ పొద్దు సంకటి వద్దు, కడుపు బాగలేదు" అని గోడతో అంటే మజ్జిగన్నం వచ్చేది. హనుమన్నకు ఇది చూస్తే నవ్వు. "ఈ ఇంట్లో అందరికంటే ఎక్కువ సంగతులు తెలిసింది గోడకే" అనేవాడు.

ఆ గోడ సాక్షిగానే ఆమె చదువుకుంది. డోన్ ఆడపిల్లల బడిలో పంతులమ్మ అయింది. అక్కడి నుంచి పిల్లల బుద్ధిని పరీక్షించే విద్య నేర్చుకు రమ్మని మద్రాసు పంపితే పోయి నేర్చుకొని వచ్చింది. వచ్చేసరికి కర్నూలు కొత్తగా రాజధాని అయి, డేరాల్లో ఆఫీసులు నడుస్తున్నాయి. ఆ సందట్లో ఎవరో పెద్దమనిషి ఒక మంచి ఆలోచన చేసి, ఆమెను ఒక ట్రైనింగు స్కూల్లో వేశాడు. కొన్నాళ్ళు అక్కడ కాబోయే అయ్యవార్లకు మనస్తత్వశాస్త్రం చెప్పాలి. మిగతా రోజులు, 'ఈ పిల్లకు చదువు రాదు' అని అయ్యవార్లు చేతులెత్తేసిన చోటికి పోయి, ఆ పిల్లను చూసి, ఎందుకు రాదో చెప్పాలి. కన్నడం, తెలుగు కలిసే పడమటి తాలూకాలకు రెండు భాషలూ వచ్చిన మనిషి కావాలని ఆమెను ఎంచారు. ఆ ఉద్యోగానికి ఇంగ్లీషులో ఒక పొడుగాటి పేరుంది. అది హనుమన్నకు నోరు తిరగలేదు. పల్లెల్లో జనం మాత్రం 'తలకాయ చూసే అమ్మ' అని సులువుగా పేరు పెట్టుకున్నారు.

ఊళ్ళు తిరిగే ఉద్యోగమని తెలియగానే చుట్టాలు వచ్చారు. కంబన్నకు తమ్ముడి వరస దేవేంద్రప్ప అరుగు మీద కాలు మీద కాలేసుకొని కూర్చున్నాడు.

"ఏమప్పా కంబన్నా, కడుపున ఒక కాయ కాయని మనిషి ఊరోళ్ళ పిల్లోళ్ళ బుద్ధి చూసేకి పోతాదంటనే. తోడెవురు పోతారు?"

"నేను పోతా" అన్నాడు కంబన్న. "నువ్వూ రాప్పా. నీదీ ఒకసారి చూపిద్దాం. ఉంటే చెప్తాది, లేకుంటే మనకు తెలిసిందే."

తలుపు వెనక చెంబు ఒకసారి మోగింది. అన్నానికి వేళ కాదు. కంబన్న దాన్ని నవ్వు కింద లెక్కేసుకున్నాడు.

అట్లా మొదలైంది వాళ్ళ తిరుగుడు. ఆయన ముందు, ఆమె వెనక. రైలులో ఆమె ఆడవాళ్ళ పెట్టెలో, ఆయన పక్క పెట్టెలో. బస్సులో ఇద్దరి నడుమ టేకుపెట్టె. దిగవలసిన చోట ఆమె పెట్టె మూత మీద అరచేత్తో తట్టేది, ఆయన లేచేవాడు. పల్లెల్లో రచ్చకట్ట మీద జనం ఆయన్ను చుట్టుకునేవాళ్ళు.

"ఈ యమ్మ నీకేమైతాది పెద్దాయనా?"

"కోడలు."

"నిన్నేమని పిలుస్తాది?"

"పిలవదు. పిలిచే పనేముండాది, చెంబుండాది కదా."

ఆ పెట్టెలో రంగు బిళ్ళలు, బొమ్మల అట్టలు, ఒక సంచి నిండా చింతగింజలు ఉండేవి. మద్రాసు నుంచి తెచ్చిన అట్టల మీద గొడుగు పట్టుకున్న దొర, పొగగొట్టం ఉన్న ఇల్లు ఉంటే, మహాదేవమ్మ వాటిని పక్కన పెట్టి తన బొమ్మలు తాను గీసుకుంది. చీల లేని బండిచక్రం, ఒక చెవి లేని మేక, పిడి ఊడిన విసుర్రాయి. ఏం తక్కువైందో పిల్లలు చెప్పాలి. చింతగింజల పద్ధతీ ఆమెదే. పిల్ల ఒక వస్తువు పేరు చెపితే ఒక గింజ. తెలుగులో చెప్పినా గింజే, కన్నడంలో చెప్పినా గింజే, సగం ఇదీ సగం అదీ కలిపి చెప్పినా గింజే. ఏదో ఒక భాషలోనే అడగాలి, ఇంకో భాషలో చెప్తే తప్పు వేయాలి అని కర్నూలులో ఒక అధికారి అన్నాడు. "ఇంట్లో సంకటి తినే పిల్ల బళ్ళో అన్నం తింటే రెండు కడుపులున్నట్టా సార్?" అని ఆమె అడిగింది. ఆయన ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆమె తలుపు మూసి పిల్లలతో మాట్లాడేది. ముందు కొంచెంసేపు ఏ చప్పుడూ ఉండదు. తర్వాత ఆమె గొంతు, తర్వాత పిల్ల గొంతు, ఆ తర్వాత ఇద్దరి నవ్వు. తన ఇంట్లో ఆ నవ్వు కంబన్న ఎప్పుడూ వినలేదు. అయితే కోడలి మాటలు చెవిలో పడటం మర్యాద కాదని, మాట మొదలుకాక ముందే లేచి దూరంగా పోయి కూర్చునేవాడు. ఏ ఊళ్ళోనైనా ముందు ఆయన వెతుక్కునేది తలుపు నుంచి మాట వినపడనంత దూరంలో ఉన్న నీడ.

కరిదిన్నె బడికి తలుపే లేదు.

ఆదోని దాటి, బస్సు దిగి, అల్లా బాషా ఎద్దుబండిలో నల్లరేగడి చేల నడుమ పోతే వచ్చే ఊరు అది. పత్తి తీసే కాలం. బడి అంటే నాలుగు రాతి స్తంభాల మీద కప్పు, ఒక పక్క గోడ. ఒక్కడే అయ్యవారు, ప్రేమయ్య. పిల్లలంటే ప్రాణం పెట్టే మనిషి. ఎప్పుడూ నవ్వుతూ, నవ్విస్తూ ఉంటాడు. ఆయన కబురు మీదే వీళ్ళు వచ్చారు.

"హులిగెమ్మని ఒక పిల్ల ఉండాదమ్మా" అని ఆయన మహాదేవమ్మకు చెప్పాడు. "తొమ్మిదేండ్లుంటాయి. ఇంగా ఒకటో తరగతిలోనే ఉండాది. అడిగితే పలకదు, రాయమంటే పలక ఒళ్ళో పెట్టుకొని గోడ దిక్కు తిరుగుతాది. రోజూ మాత్రం తప్పకుండా వస్తాది. ఇనస్పెక్టరు పేరు కొట్టేయమన్నాడు. మీరొచ్చి చూసేదాకా ఆగమని నేనే కాళ్ళావేళ్ళా పడినా. మీరు బుద్ధి తక్కువని రాస్తే ఇంగ నా చేతిలో లేదు."

పేరు కొట్టేస్తే ఆ పిల్ల ఎక్కడికి పోతుందో చెప్పనక్కర్లేదు. ఇప్పుడు పత్తి చేనికి, ఇంకో రెండేళ్ళకు ఆదోని జిన్నింగు మిల్లుకు. తల్లీ తండ్రీ లేరు. అవ్వ గిడ్డమ్మ ఒక్కతే దిక్కు.

కంబన్నకు నీడ బడి నుంచి కొంచెం దూరంలో గిడ్డమ్మ గుడిసె ముందు దొరికింది. ఆయన పోయేసరికి ఆ పిల్ల అక్కడే ఉంది. తాడు తెంపుకున్న మేక పిల్లను చెవి పట్టుకొని ఈడుస్తూ, సగం తెలుగులో సగం కన్నడంలో దాని ఏడు తరాలనూ తిడుతోంది. అంతలో బడి నుంచి పిలుపు వచ్చింది. పిల్ల మేకను వదిలి, ఆ వయసుకే అవ్వ వేసిన పైట తలమీదికి లాక్కొని, నోరు మూసుకొని పోయింది.

బడిలో మహాదేవమ్మ తెలుగులో అడిగింది. పిల్ల గోడను చూస్తూ కూర్చుంది. కన్నడంలో అడిగింది. గోడే. బిళ్ళలు ముందు పోస్తే ఒక చెయ్యి పైట కింద నుంచి వచ్చి, పసుపు బిళ్ళ దాకా పోయి, మళ్ళీ వెనక్కి పోయింది. ప్రేమయ్య ఊరుకోలేక స్తంభం పక్క నుంచి తొంగిచూస్తూ, "చెప్పు తల్లీ, అమ్మ మంచిదే, చెప్పు" అని బతిమాలాడు. పిల్ల ఇంకా ముడుచుకుపోయింది. సంచిలో నుంచి ఒక్క చింతగింజ కూడా బయటికి రాలేదు. చెవులు బాగున్నాయి, చూపు బాగుంది. రెండు భాషల్లోనూ అడిగింది. ఇంకే భాషలో అడగాలో మహాదేవమ్మకు తెలియలేదు. చూసిందే రాయాలి. రాయకుండా దాచే విద్య మద్రాసులో ఎవరూ నేర్పలేదు.

ఇక్కడ గుడిసె ముందు గిడ్డమ్మ కంబన్నకు వేరుశనగ బుడ్డలు వలిచి పెడుతూ మాటల్లో పడింది.

"మీ మనవరాలికి నోరు శానా ఉండాదే అవ్వా" అన్నాడు కంబన్న. "మేకకు సిగ్గైపోయింది."

"ఇంట్లో అట్లనేనప్పా. అయ్యోరి ముందర చూడు, పెదవి విప్పదు. మామ ముందర ఎట్లుండల్లనో అట్లుంటాది. నేను పెంచినా."

"మామనా?"

"ఊఁ. పోయిన ఉగాదికి ముందు ఉగాదికి మా ఇంట్లో పూర్ణం ఓళిగలు తిని, అయ్యోరే నోరు తెరిచి అడిగినాడు. 'అవ్వా, ఈ పిల్లను మా సోమన్నకు చేసుకుంటా, నాకు కోడలు' అని. మనోళ్ళేలే, వరస కుదురుతాది. నేను సరే అంటి. అప్పుటినుంచి నేర్పిస్తాండా. మామ ముందర కూర్చోగూడదు, మాట్లాడగూడదు, కండ్లల్లో చూడగూడదు. అయ్యోరి ఇంటికి పోయే పిల్ల, నాలుగక్షరాలు రాకుంటే ఎట్ల అని బడికి మాత్రం రోజూ తోలుతాండా."

కంబన్నకు ఇందులో వింతేమీ కనపడలేదు. పద్ధతిగా పెంచుతోంది అనుకున్నాడు. "మంచి పని చేస్తాండావవ్వా" అని మెచ్చుకున్నాడు కూడా.

మహాదేవమ్మ వచ్చి బండి ఎక్కి పెట్టె మీద తట్టింది. మొహం వాడిపోయి ఉంది. ఏం జరిగిందని కంబన్న గోడను అడగడానికి బండికి గోడ లేదు. అల్లా బాషా ఎద్దులను అదిలించాడు. ఊరు దాటాక కంబన్న బండివాడితో కబుర్లు మొదలుపెట్టాడు.

"ఈ కాలంలో కూడా పెద్దల మాట వినే పిల్లోళ్ళు ఉండారు బాషా. ఆ గిడ్డమ్మ మనవరాలు చూడు, గుప్పెడంత లేదు. అయ్యోరు మామ కావల్సినవాడని ఆయన ముందర నోరే తెరవదంట."

పెట్టె మూత మీద దెబ్బ పడింది. తట్టడం కాదు, దెబ్బ. ఎద్దులు వాటంతట అవే ఆగిపోయాయి.

"బండి తిప్పు బాషా" అంది మహాదేవమ్మ.

"యాడికమ్మా? ఆఖరి బస్సు పోతాది."

కంబన్న వెనక్కి తిరగకుండానే ఎద్దు తోకతో అన్నాడు. "పోతే రేపు ఇంకోటి వస్తాది. బస్సులకేమి కరువు."

"మీ ఇంట్లో అందురూ గొడ్లతోనే మాట్లాడతారా?" అంటూ అల్లా బాషా బండి తిప్పాడు.

పిల్ల మళ్ళీ మేక దగ్గరే దొరికింది. ఈసారి మహాదేవమ్మ బడికి పిలవలేదు. గుడిసె వెనక పత్తి కుప్ప పక్కన చాప వేసుకొని కూర్చుంది. పిల్ల దూరంగా నిలబడితే, కంబన్న వైపు చెయ్యి చూపించి నెమ్మదిగా ఏదో చెప్పింది. పిల్ల ఆయన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసి, వచ్చి చాప మీద కూర్చుంది. కంబన్న తన మర్యాద ప్రకారం లేచి దూరంగా పోయాడు. అంత దూరానికి కూడా పిల్ల గొంతు వినపడుతూనే ఉంది, అంత గట్టి గొంతు. లెక్క కన్నడంలో, ఒందు, ఎరడు, మూరు అని. వస్తువుల పేర్లు తెలుగులో. కోపం వస్తే రెండూ కలిపి. చీల లేని బండి బొమ్మ చూసి, "ఈ బండెక్కినోడు ఆదోని పోడు, ఆసుపత్రికి పోతాడు" అంది. గింజలు చాలక గిడ్డమ్మ బుడ్డలు వాడవలసి వచ్చింది. అందులో సగం ఆ పిల్ల పరీక్ష జరుగుతుండగానే తినేసింది.

ఇక మిగిలింది ప్రేమయ్య. కబురు పంపితే నవ్వుతూ వచ్చి, సంగతి విని, నవ్వు ఆగి నిలబడ్డాడు.

"నేనా? కోడలనా? ఎప్పుడంటి అవ్వా?"

"ఓళిగలు తినేటప్పుడు."

"ఓళిగలు తినేటప్పుడు మనిషి ఏమైనా అంటాడు కదవ్వా. ఈ ఊళ్ళో ఆడపిల్లలందరినీ నేను..." అని సగంలో ఆగిపోయాడు. అవ్వ మొహం మారింది. పిల్ల అవ్వ వెనకకు పోయి పైట తలమీదికి లాక్కుంది. నవ్వులాటకు అన్నానని ఆయన తేల్చి చెపితే, చుట్టూ చేరిన జనం ముందు ఆ ఇద్దరూ తలెత్తుకోలేరు. చెప్పకపోతే పిల్ల ఆయన బడిలో నోరు విప్పదు. ఊరికి ఇంకో బడి లేదు, బడికి ఇంకో అయ్యవారు లేడు.

మహాదేవమ్మ అందరి వైపూ చూసింది. "పెండ్లి మాట పిల్ల పెద్దదైనంక పెద్దలు చూసుకుంటారు. ఇప్పుడా మాట వద్దు. అవ్వ నేర్పించింది తప్పు కాదు. నేనూ అట్లనే ఉండా" అంది. తర్వాత కొంగు సర్దుకొని, పక్కకు తిరిగి, గుడిసె నిట్టాడితో, అంటే ఆ మధ్య గుంజతో, స్పష్టంగా చెప్పింది.

"బస్సు పోయినాది. ఈ పొద్దుకు ఈడనే ఉండాల్సి వస్తాది."

కంబన్నకు అర్థమైంది. ఆయనా గొంతు సవరించుకొని అదే గుంజతో అన్నాడు. "ఉంటే ఏమి. ఓళిగలు ఉండాయేమో అవ్వనడగల్ల."

"ఓళిగలు తిని ఎవురూ ఎవురికీ ఏ మాటా ఇయ్యకుంటే సరి" అంది మహాదేవమ్మ గుంజతో.

ముందు నవ్వింది అల్లా బాషా. తర్వాత పైట లోపల నుంచి పిల్ల. మహాదేవమ్మ పిల్ల పక్కన కూర్చొని అడిగింది.

"మామతో మాట్లాడగూడదు, సరే. గుంజతో మాట్లాడగూడదని అవ్వ చెప్పిందా?"

పిల్ల అవ్వను చూసింది. గిడ్డమ్మ చాలాసేపు ఆలోచించింది. తన కాలంలో తాను కూడా రోకలికి చెప్పి, మామ చేత కట్టెలు తెప్పించుకున్న సంగతి గుర్తొచ్చి ఉంటుంది. "గుంజతో అయితే తప్పులేదు" అని తీర్పు చెప్పింది.

మరుసటి పొద్దున బడిలో ప్రేమయ్య ఒక స్తంభం ముందు నిలబడి, "స్తంభమా, ఆవుకు కాళ్ళెన్ని?" అని అడిగాడు. పిల్లలు పొట్టలు పట్టుకొని నవ్వారు. హులిగెమ్మ లేచి, గోడ వైపు కాదు, ఆ స్తంభం వైపు తిరిగింది. "నాల్కు" అని దానికి చెప్పింది. ఒక్క క్షణం ఆగి, "నాలుగు" అని మళ్ళీ తెలుగులో చెప్పింది. మహాదేవమ్మ రెండింటికీ కలిపి ఒకటే గింజ పెట్టింది. వస్తువు ఒకటే కదా అని.

ఆ మీదట నడిచిన సంగతులు కంబన్నకు ముక్కలు ముక్కలుగా తెలిశాయి, ఆదోని వైపు పోయినప్పుడల్లా కొంచెం. కొన్నాళ్ళకు పిల్లలు నవ్వడం మానేశారు. ఇంకొన్నాళ్ళకు సిగ్గు ఎక్కువున్న మరో ఇద్దరు కూడా స్తంభానికే పాఠం ఒప్పజెప్పడం మొదలుపెట్టారు. ఆ స్తంభానికి ఎక్కాలన్నీ వచ్చేశాయని ప్రేమయ్య ఇనస్పెక్టరుతో చెప్పాడు. హులిగెమ్మ ఒకటి దాటింది, రెండు దాటింది, ఎగిరి నాలుగులో పడింది. మహాదేవమ్మ ఆ దారిన పోయినప్పుడల్లా గిడ్డమ్మ దగ్గర కూర్చొని కన్నడంలో నిదానంగా మాట్లాడేది. చివరికి అవ్వే, పిల్ల చదువు ముగిసేదాకా పెళ్ళి మాట ఎత్తవద్దని ప్రేమయ్యకు కబురు పంపింది, ఆయనే తొందరపడుతున్నట్టు. ప్రేమయ్య సరేనన్నాడు. అప్పటి నుంచి ఎవరింట్లో ఓళిగలు తిన్నా, బాగున్నాయని మాత్రం చెప్పి లేచేవాడు.

మహాదేవమ్మ పోయాక, ఇంట్లోవాళ్ళను పలకరించడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. దేవేంద్రప్ప వచ్చి, అరుగు మీద కాళ్ళు ముడుచుకొని కూర్చొని పోయాడు. ఒక పొద్దున గిడ్డమ్మ, హులిగెమ్మ వచ్చారు. పిల్ల ఇప్పుడు ఆదోని హాస్టలులో ఉండి చదువుతోంది. పొడుగైంది. రెండు జడలు. గిడ్డమ్మ లోపల హనుమన్నతో మాట్లాడుతుంటే, పిల్ల అరుగు మీద కంబన్న పక్కన కూర్చుంది. కంబన్న ఆమెకు మామ కాదు, తాత వరస. ఆయనతో మాట్లాడటానికి ఆమెకు స్తంభం అక్కర్లేదు.

టేకుపెట్టె అక్కడే ఉంది. హులిగెమ్మ మూత తీసి పసుపు బిళ్ళ ఒకటి చేతిలోకి తీసుకుంది.

"ఆ పొద్దు బడిలో దీన్ని పట్టుకుందామనుకున్నా తాతా. అయ్యోరు చూస్తాండాడని వదిలిపెట్టినా."

"మరి గుడిసె కాడ అంత తొందరగా ఎట్ల వచ్చి కూర్చుంటివి?" అన్నాడు కంబన్న. ఆయన ఇన్నాళ్ళూ అది అడగాలని అనుకుంటూనే ఉన్నాడు. ఇంత చదువుకున్న కోడలు, తలుపు మూసి, బెదిరిన పిల్లలకు ముందుగా ఏం చెప్పేదో ఆయనకు తెలియదు. వినకుండా దూరంగా పోవడమే తన పని అనుకున్నాడు.

"భయపడాకు అనింది. నిన్ను చూపించింది."

"నన్నా?"

"ఊఁ. హాస్టల్లో మా తోటి పిల్లోళ్ళను కూడా అమ్మ చూసింది తాతా, వాళ్ళకూ అదే మాట చెప్పిందంట. అందురికీ మొదట అదే చెప్తాది. బయట మా నాయన కూర్చొనుండాడు, ఎవురూ లోపలికి రారు, నీకేం భయం లేదు అని."

కంబన్న చేతిలో ఉన్న కర్రను గోడకు ఆనించాడు. "వాళ్ళ నాయన ఆమె చిన్నప్పుడే పోయినాడు గదమ్మా."

"నిన్నే తాతా అనేది" అంది హులిగెమ్మ. "తెలుగు పిల్లోళ్ళకు మా నాయన అని చెప్పేది. మాకైతే నమ్మప్ప అని."